వేప మంచిదే, బావూ

రోజూ పొద్దున్న విజయనగరంలో పలాస పాసింజరు ఎక్కి ఆమదాలవలసలో దిగే మనిషిని నేను. శ్రీకాకుళం వెళ్లాల్సినవాళ్లం ఆమదాలవలసలో ఎందుకు దిగుతామని బయటివాళ్లు అడుగుతుంటారు. శ్రీకాకుళం రోడ్డు అనే స్టేషను ఉన్నది అక్కడే కాబట్టి. పేరులోనే ‘రోడ్డు’ అని పెట్టి, మిగతాది మీరే రోడ్డు మీద చూసుకోండని రైలువాళ్లు ముందే చెప్పేశారు.

పాతికేళ్లుగా ఈ పెట్టెల్లో నేను చూడనిది లేదు. చుట్టలు, బీడీలు, ఎండుచేపల గంపలు, ఫోను స్పీకరులో పెట్టి నడిపిన ఆస్తి పంపకాలు, రెండు పెళ్లిచూపులు. అన్నిటికీ ఒక మర్యాద ఉంది. ఎండుచేపల గంప తలుపు దగ్గరే ఆగాలి. చుట్ట కాల్చేవాడు మెట్టు మీద కూర్చుని బయటికి వదలాలి. ఆస్తి పంపకాలు చిన్నగొంతుతో మాట్లాడకూడదు, మొదలుపెట్టినవాడు దిగేలోపు తీర్పు చెప్పే హక్కు పెట్టెలో అందరికీ ఉంది. ఇవి ఎక్కడా రాసిలేవు, అయినా నడుస్తాయి. కొత్తగా వచ్చిన వేప్‌కి, అంటే బ్యాటరీతో నడిచే ఈ-సిగరెట్‌కి, మాత్రం ఇంకా ఏ మర్యాదా ఏర్పడలేదు. ఆ లోటు తీర్చే బాధ్యత నామీద పడింది. ఎవరూ వెయ్యలేదు, నేనే వేసుకున్నాను.

సంగతి మొదలైంది ఎండలు అప్పుడప్పుడే ముదురుతున్న రోజుల్లో. విజయనగరంలో ఒక కుర్రాడు చక్రాల పెట్టె లాక్కుంటూ ఎక్కాడు. పెట్టెకి విమానం చీటీ ఇంకా వేలాడుతోంది. దుబాయ్ నుంచి వస్తున్నాడట, మందస దగ్గర ఊరు. నెల్లిమర్ల దాటాక జేబులోంచి పిల్లలు పుస్తకాల్లో గీతలు పెట్టుకునే రంగు పెన్నులాంటిది తీసి, నోట్లో పెట్టుకుని గుండె నిండా పీల్చాడు.

పెట్టె మొత్తం ఒక్కసారి మెత్తబడిపోయింది.

“ఆయాసం పాపం” అంది ఎదురుగా ఉన్న ఆవిడ. “మా తమ్ముడికీ ఇలాంటిదే ఇచ్చారు డాక్టరుగారు” అన్నాడు ఇంకొకాయన. చీపురుపల్లిలో మూటతో ఎక్కిన ఒక మామ్మ నిలబడే కుర్రాడిని చూసి, “ఏటి నాయినా, ఈ వయసులోనే ఉబ్బసమా? గాలి తగిలే సోటియ్యండర్రా” అంది. కిటికీ పక్కన కూర్చున్న పెద్దాయన లేచి అతనికి సీటిచ్చాడు. మృగశిర కార్తెకి హైదరాబాదు వెళ్లి చేప మందు మింగమని ఒకరు, అల్లం రసంలో తేనె కలుపుకోమని ఒకరు సలహా ఇచ్చారు. కుర్రాడు కాదనలేదు. జాలిని కాదనడం మన సంప్రదాయంలో లేదు.

అప్పుడు వాసనొచ్చింది. మామిడిపండు వాసన. ఇంకా తోటల్లో పిందెలే ఉన్న రోజులు. జనం సంచులవైపు అనుమానంగా చూసుకున్నారు. ఎవరో భీమాలి తాండ్ర తీసుకెళ్తున్నారనీ, తీసుకెళ్తే తీసుకెళ్లారు గానీ తలా ముక్క ఇవ్వకుండా దాచుకున్నారనీ గుసగుసలు లేచాయి. ఒకావిడ తన సంచి తనే విప్పి చూపించింది, అందులో పప్పు గిన్నె తప్ప ఏమీ లేదు. రెండోసారి కుర్రాడి ముక్కులోంచి తెల్లటి మేఘం దిగినప్పుడు గానీ మామిడిచెట్టు ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు.

“ఏటదీ బావూ?” అంది మామ్మ.

“వేప్ మామ్మా.”

“వేపా? వేప మంచిదే బావూ. పుల్లయితే పళ్లు కూడా గట్టిపడతాయి.”

ఇక్కడ కాస్త ఆగి చట్టం మాట్లాడుకోవాలి, లేకపోతే నన్ను బాధ్యత లేని రచయిత అంటారు. మన దేశంలో ఈ-సిగరెట్లని 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సుతో ఆపారు, అదే ఏడాది డిసెంబరులో చట్టం వచ్చింది. తయారు చెయ్యకూడదు, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటన ఏదీ కూడదు. నిల్వకి శిక్ష కాస్త తక్కువ, మిగతావాటికి మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. రెండోసారైతే మూడేళ్ల వరకు జైలు, అయిదు లక్షల వరకు జరిమానా. ఇంత పెద్ద జాబితాలో ‘పీల్చకూడదు’ అనే మాట మాత్రం విడిగా కనబడదు. అంటే ఎవరూ చెయ్యని, ఎవరూ తేని, ఎవరూ అమ్మని వస్తువు ఒకటి కుర్రాడి జేబులో దానంతటది పుట్టింది. మా వైపు స్వయంభూ దేవుళ్లున్న గుళ్లు ఉన్నాయి గనక ఇది నమ్మడం మాకు కష్టం కాదు.

నన్ను రాత్రుళ్లు నిద్ర పోనివ్వని ప్రశ్న ఇంకొకటుంది. రవాణా నిషేధం అన్నారు కదా, జేబులో పెట్టుకుని పాసింజరు ఎక్కితే అది రవాణానా, ప్రయాణమా? మనిషి ప్రయాణిస్తాడు, సరుకు రవాణా అవుతుంది. మనిషి లోపల నికోటిను ఉంటే ఆ మనిషి సరుకు కిందకి వస్తాడా? సమాధానం తెలిసినవాళ్లు ఆమదాలవలసలో రెండో ప్లాట్‌ఫాం బెంచీ దగ్గర నన్ను కలవచ్చు.

కుర్రాడి వాదన వేరే. “అంకుల్, ఇది పొగ కాదు, ఆవిరి.” ఇడ్లీపాత్ర మూత తీస్తే వచ్చేదీ ఆవిరే, దానికి ఎవరూ జైలుకి పోలేదు కదా అన్న భావం ఆ ముఖంలో కనబడింది. నిజమే, ఇందులో నిప్పు లేదు. చిన్న బ్యాటరీ ఒక తీగచుట్టని వేడిచేస్తుంది, తీగ గ్లిజరినూ ప్రొపిలీన్ గ్లైకాలూ కలిపిన ద్రవాన్ని వేడెక్కిస్తుంది, అది సన్నటి తుంపరగా లేస్తుంది. తేడా ఒక్కటే. ఇడ్లీపాత్రలో నికోటిను పోసే అలవాటు మా ఇళ్లల్లో ఇంకా రాలేదు. చుట్టలో ఉన్నదీ అదే నికోటిను, కాకపోతే చుట్టకి మామిడి వాసన కొట్టాలన్న బుద్ధి మన పెద్దలకి పుట్టలేదు.

దుబాయ్ ఉన్న దేశంలో 2019లోనే వీటి అమ్మకానికి అనుమతిచ్చారు, మనం అదే ఏడాది నిషేధించాం. సింగపూరులో 2018 నుంచి దగ్గరుంచుకున్నా నేరమే. మా జిల్లాల నుంచి రెండు చోట్లకీ పనికి వెళ్లే పిల్లలున్నారు. ఒకడు తాగితే తప్పులేని దేశంలో, ఒకడు జేబులో ఉన్నా తప్పయ్యే దేశంలో. ఇద్దరూ సంక్రాంతికి ఇంటికొచ్చి ఒకే అరుగు మీద కూర్చుంటారు. అరుగు చట్టం ఏమిటో వాళ్ల నాన్న చెబుతాడు, దానికి అప్పీలు ఉండదు.

సరే, మర్యాదలకొద్దాం. 1989 నాటి రైల్వే చట్టంలో 167వ సెక్షన్ ఉంది. ఎంత మంచి సెక్షనంటే, చదివితే ఎవరో మొగమాటస్తుడు కూర్చుని రాశాడనిపిస్తుంది. పెట్టెలో తోటి ప్రయాణికుడు అభ్యంతరం చెబితే పొగ తాగకూడదు, తాగితే వంద రూపాయల దాకా జరిమానా. పొగ మొత్తానికే కూడదని ప్రకటించే అధికారం రైలువాళ్లకి ఇచ్చారనుకోండి, 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ స్థలాల్లో తాగితే రెండు వందల దాకా జరిమానా అనే నియమమూ ఉంది. అవి పొగకి. మన కుర్రాడిది పొగ కాదని వాడే చెప్పాడు గనక, ప్రస్తుతానికి నా మనసు ఆ ‘అభ్యంతరం చెబితే’ దగ్గరే చిక్కుకుంది.

అభ్యంతరం! మా విజయనగరం, శ్రీకాకుళం మనిషి రైల్లో అభ్యంతరం చెప్పడం మీరెప్పుడైనా చూశారా? కాలు తొక్కినవాడికి “పర్లేదండి” అంటాం. వేడి టీ ఒలకబోసినవాడికి “పర్లేదు, ఎలాగూ ఉతకాల్సిందే” అంటాం. రిజర్వేషనున్న సీటులో కుటుంబంతో కూర్చున్నవాడిని లేపలేక “పర్లేదు, కూర్చోండి, నేను దగ్గరే దిగిపోతాను” అని తలుపు దగ్గర నిలబడి సికింద్రాబాదు వెళ్లినవాడు మా బంధువుల్లోనే ఒకడున్నాడు. ‘పర్లేదు’కి మా దగ్గర కనీసం అయిదారు అర్థాలున్నాయి, వాటిలో ‘సరే’ అనేది చివరిది. సాగదీసి “పర్లేదూ...” అంటే మానెయ్యమని. తలతిప్పి అంటే ఇప్పటికే ఆలస్యమైందని. నవ్వుతూ అంటే ఇంటికెళ్లి నీ గురించి చెబుతానని. కుర్రాడు అడిగితే మేమంతా “పర్లేదు బాబూ” అనేవాళ్లమే. వాడు దాన్ని ఒప్పుకోలు అనుకునేవాడు. తెలుగు మాట్లాడేవాళ్ల మధ్య తెలుగు అర్థంకాక జరిగే ప్రమాదాలు ఇలాంటివే.

కాబట్టి నా నియమావళిలో మొదటి మాట: పీల్చేవాడు నోటిమాట నమ్మకూడదు, శరీరాన్ని చదవాలి. పమిట కొంగు ముక్కు మీదికి వచ్చిందా, అది అభ్యంతరం. “ఎండ బాగా ముదిరింది” అంటూ ఎవరైనా కిటికీ పైకి తోశారా, లిఖితపూర్వకమైన అభ్యంతరం. పసిపిల్లని ఒళ్లో అటువైపు తిప్పుకుంటే సుప్రీంకోర్టు. ఒక్క దగ్గుని మాత్రం లెక్కలోకి తీసుకోకండి. మాలో సగంమంది మామూలుగానే దగ్గుతాం.

ఇక ఆవిరి ఎటు వదలాలి అన్నది. సీటు కింద వదిలితే సామాన్ల మధ్య పడుకున్నవాడికి పోతుంది. చొక్కా లోపల వదిలేవాళ్లు కొందరున్నారు, మెడ దగ్గర నుంచి ఆవిరి లేస్తుంటే చూసినవాళ్లు ఒంటిమీద ఏదో అంటుకుందని నీళ్లు పోస్తారు, జాగ్రత్త. మింగేసి బిగబట్టుకునేవాళ్లది గొప్ప త్యాగం, ఆ త్యాగం మొదటి దమ్ముకి ముందే చేస్తే ఇంకా గొప్పగా ఉండేది. షేర్ ఆటోకి వేరే నియమం అక్కర్లేదు. అందులో ఊపిరి పీల్చడానికే స్థలం లేదు, వదలడం తర్వాతి మాట.

ఏసీ పెట్టెల్లో ఈ గొడవంతా యంత్రానికి అప్పజెప్పారు. పైకప్పులో పొగని కనిపెట్టే పరికరాలుంటాయి, వాటికి పొగా ఆవిరీ అన్న శాస్త్రచర్చ పట్టదు. అనుమానమొస్తే గంట మోగుతుంది, రైలు ఆగుతుంది. 2023 ఆగస్టులో తిరుపతి నుంచి సికింద్రాబాదు వెళ్లే వందేభారత్‌లో టికెట్టు లేని ఒకాయన బాత్రూములో దూరి పొగ తాగితే, మంటలార్పే పొడి దానంతటదే చిమ్మింది, రైలు మనుబోలు దగ్గర ఆగిపోయింది. అంత వేగం పోయే బండిని ఒక్క దమ్ముతో ఆపిన మనిషి ఆయన. మా పాసింజరులో ఆ పరికరం లేదు. ఇక్కడ దాని పని మనుషులే చెయ్యాలి, మనుషులేమో దగ్గుతారు గానీ బ్రేకు వెయ్యరు.

మా బండి ఆగడానికి అసలు పొగే అక్కర్లేదు. ఆ రోజు సిగడాం దాటి పొందూరులో ఆగింది, ఆగిపోయింది. వెనకనుంచి సూపర్‌ఫాస్టు వస్తోంది, దారివ్వాలన్నారు. అలవాటైన జనం దిగి కాళ్లు జాపుకున్నారు. మామ్మ కూడా దిగి, ప్లాట్‌ఫాం చివరి వాలు దాటి, స్టేషను హద్దు అవతల ఉన్న వేపచెట్టు కిందకి వెళ్లి కూర్చుంది. ఇంతసేపూ ఆవిడ పెట్టెలో ఎందుకలా నోరు కట్టుకుని కూర్చుందో అప్పుడు తెలిసింది. మూటలోంచి చుట్ట తీసింది, అగ్గిపుల్ల గీసింది, రెండు దమ్ములు లాగి, చుట్ట తిప్పి నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పెదాలు మూసింది.

అడ్డపొగ. మా తీరం వైపు పాతకాలం ఆడవాళ్ల అలవాటు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోకుండా అని కొందరంటారు, చుట్ట ఎక్కువసేపు వస్తుందని కొందరంటారు. అంగిలికి క్యాన్సరు తెచ్చే అలవాటని వైద్యులు దశాబ్దాల కిందటే ఇక్కడికొచ్చి, జనం నోళ్లు తెరిపించి చూసి, ప్రపంచానికి చెప్పారు. శ్రీకాకుళం పేరు వైద్య పత్రికలకెక్కింది ఇలా.

నీళ్ల సీసా పట్టుకుని వచ్చిన కుర్రాడు కొయ్యబారిపోయాడు. దుబాయ్‌లో ఎత్తైన బిల్డింగులన్నీ చూసినవాడు, పొందూరులో ఒక మామ్మ నోట్లో నిప్పు పెట్టుకుని నింపాదిగా కూర్చోవడం చూడలేకపోయాడు.

“మామ్మా! నోరు కాలిపోద్ది! తియ్ ముందు! అది ఆరోగ్యానికి మంచిది కాదు మామ్మా, క్యాన్సరొస్తాది!” అన్నాడు. కంగారులో పెన్ను తీసి ఒక దమ్ము గట్టిగా లాగి, మళ్లీ మొదలెట్టాడు. గాలి అటు నుంచి ఇటు తిరిగింది. మామిడితోట మొత్తం మామ్మ ముఖం మీదికి వెళ్లింది.

మామ్మ మాట్లాడలేదు, నోట్లో నిప్పుంది కదా. ముక్కు చిట్లించి, చెయ్యెత్తి, పక్కకి జరగమని రెండుసార్లు విసురుగా ఊపింది.

పాతికేళ్ల ప్రయాణంలో తోటి ప్రయాణికురాలు పొగమీద స్పష్టంగా అభ్యంతరం చెప్పడం నేను చూసింది అదే మొదలు. తేదీ, సమయం చీటీ మీద రాసుకున్నాను కూడా. తీరా చూస్తే అది పెట్టెలో జరగలేదు, స్టేషను హద్దులోనూ జరగలేదు, వేపచెట్టు కింద జరిగింది. 167 వర్తించదు. ఈలోగా సూపర్‌ఫాస్టు దుమ్ము లేపుకుంటూ పోయింది, మా బండి కూత పెట్టింది, మామ్మ చుట్ట ఆర్పి కొంగులో ముడేసుకుని బేగి బేగి నడిచింది. కుర్రాడు ముందుగా ఎక్కి ఆవిడ మూట అందుకున్నాడు, కిటికీ పక్క సీటు కూడా ఇచ్చాడు.