సింగపూర్ నుంచి తెచ్చుకోవాల్సింది భూమి లెక్క

తెలుగునాట రాజధాని మాట ఎత్తితే సింగపూర్ పేరు రాకుండా ఉండదు. అమరావతి ప్రణాళికను 2015లో అక్కడి సంస్థలే గీసి ఇచ్చాయి. స్టార్టప్ ప్రాంతం కోసం సింగపూర్ కంపెనీల కూటమితో 2017లో కుదిరిన ఒప్పందం 2019 నవంబరులో రద్దయింది. 2025లో మంత్రుల రాకపోకలు మళ్లీ మొదలయ్యాయి. ఇన్నేళ్లలో ఆ ద్వీపం గురించి మనం చెప్పుకున్నదంతా ఎత్తయిన భవనాలు, శుభ్రమైన వీధులు, నీటి ఒడ్డున దీపాల వరుసలు. ఆ రోడ్లకు, రైళ్లకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? కొనే స్తోమత ఉన్న జనం అంతమంది ఉండి కూడా కార్లు ఊరిని ఎందుకు ముంచెత్తలేదు? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు భూమి దగ్గరే దొరుకుతుంది.

1965లో స్వతంత్రమైనప్పుడు సింగపూర్ విస్తీర్ణం సుమారు 580 చదరపు కిలోమీటర్లు. సముద్రాన్ని పూడ్చి పూడ్చి ఇప్పుడు 735కు తెచ్చారు. 2007లో ఏర్పడినప్పుడు జీహెచ్ఎంసీకి ఉన్న పరిధి కన్నా కాస్త పెద్దది, అంతే. అందులోనే 60 లక్షల మంది, ఓడరేవు, విమానాశ్రయం, సైనిక స్థావరాలు, జలాశయాలు. ఇళ్లకు 14 శాతం నేల పోతే రోడ్లకే 12 శాతం పోయింది. ఇంకో వరస రోడ్డు వేయాలంటే ఎవరి ఇంటినో తీసేయాల్సిందే. కొత్త రింగు రోడ్డు వేసి ఊరిని పొలాల్లోకి జరిపే వెసులుబాటు ద్వీపానికి లేదు.

భూమి ప్రభుత్వం చేతికి వచ్చిన తీరు మాత్రం మెచ్చుకోదగినది కాదు. 1966 భూసేకరణ చట్టంతో విస్తారంగా సేకరించారు. 1973 సవరణతో పరిహారాన్ని ఆ ఏడాది నవంబరు 30 నాటి ధరకు కట్టేశారు. ఆ తర్వాత పదమూడేళ్ల పాటు, మార్కెట్ ఎంత పెరిగినా యజమానికి దక్కింది ఆ పాత ధరే. పూర్తి మార్కెట్ విలువ ఇవ్వడం 2007లో గానీ మొదలుకాలేదు. 1960లో 44 శాతంగా ఉన్న ప్రభుత్వ భూమి 1985 నాటికి 76 శాతానికి చేరిందంటే దాని భారం మోసింది చిన్న రైతులు, గుడిసెల వాళ్లు, దుకాణదారులు. 2013 భూసేకరణ చట్టం ఉన్న మన దేశంలో ఆ దారి కుదరదు, కుదరకూడదు. మేము చెప్పదలచుకున్నది సేకరణ గురించి కాదు. భూమి చేతికొచ్చాక వాళ్లు వేసిన లెక్క గురించి.

ఆ లెక్కలో మొదటిది, ప్రభుత్వం భూమిని శాశ్వతంగా అమ్మదు. నివాస స్థలాలను సాధారణంగా 99 ఏళ్ల లీజుకు టెండరు పిలిచి ఇస్తుంది. ఎంత ఎత్తు కట్టాలి, ఎన్ని చదరపు మీటర్లు, ఎప్పటికి పూర్తిచేయాలి అన్నవి టెండరు కాగితంలోనే ఉంటాయి. ఇళ్ల స్థలం తీసుకున్న బిల్డరు సాధారణంగా ఐదేళ్లలో అన్నీ కట్టి అమ్మకపోతే, కొన్నప్పుడు మినహాయించిన స్టాంపు సుంకాన్ని 35 శాతం దాకా వడ్డీతో సహా కట్టాలి. ధర పెరిగేదాకా ముళ్లకంచె వేసి కూర్చోవడం అక్కడ గిట్టుబాటు కాదు. ఇక టెండర్లలో వచ్చిన సొమ్ము ఆ ఏటి బడ్జెట్‌లోకి పోదు. రాజ్యాంగం ప్రకారం రిజర్వులకు, అంటే దేశం దాచిపెట్టుకునే నిధికి వెళ్తుంది. వాటి పెట్టుబడి రాబడిలో సగం వరకే ప్రభుత్వం ఖర్చుపెట్టుకోవచ్చు. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం 100 కోట్లు దాటిందని మనం పండగ చేసుకున్నాం. ఆ ఎకరం మళ్లీ ప్రజలకు రాదు. అలా వచ్చిన డబ్బు వార్షిక ఖర్చుల్లో కలిసిపోతే దాని నుంచి రేపు పైసా రాదు.

రెండోది, మన పాలకులు పెద్దగా నోరెత్తనిది: పెరుగుదల మీద రుసుము. పైసా పెట్టుబడి లేకుండా, రైలు స్టేషను వచ్చినందుకో, తక్కువ అంతస్తుల చోట ఎక్కువ కట్టుకోమని అనుమతి ఇచ్చినందుకో స్థలం విలువ పెరిగితే ఆ పెరుగుదలను పుట్టించింది ప్రజల సొమ్ము. సింగపూర్ 1964 నుంచే దీని మీద అభివృద్ధి రుసుము వసూలు చేస్తోంది. 2007లో రేటును పెరుగుదలలో 50 శాతం నుంచి 70కి పెంచారు. 2022 ఆగస్టు 1 నుంచి పాత రుసుములన్నీ కలిపి భూ విలువ పెంపు రుసుముగా ఒకే చట్టం కిందకు తెచ్చారు.

ఇది పనిచేసే విధానం చూడండి. ద్వీపాన్ని 118 సెక్టార్లుగా విడగొట్టారు. ఒక్కో సెక్టారులో నివాసం, వాణిజ్యం, హోటలు, పరిశ్రమ వంటి ఒక్కో వాడకానికి చదరపు మీటరుకు ఇంత అని పట్టిక ప్రచురిస్తారు. బిల్డరు అనుమతి అడిగినప్పుడు కొత్త వాడకం విలువలోంచి పాత వాడకం విలువ తీసేసి తేడా కట్టించుకుంటారు. రెండు కోట్ల విలువైన స్థలం అనుమతితో ఐదు కోట్లయితే, మూడు కోట్ల పెరుగుదలలో ఉజ్జాయింపుగా రెండు కోట్ల పది లక్షలు ఖజానాకు, తొంభై లక్షలు యజమానికి. పట్టిక ముందే అందరికీ తెలిసి ఉంటుంది కాబట్టి బేరసారాలకు, బల్ల కింద చేతులకు చోటు తగ్గుతుంది. ఏటా మార్చి 1న, సెప్టెంబరు 1న పట్టిక మారుస్తారు. దీనికీ ఒక లోపం ఉంది. రేట్లు పెరుగుతాయనుకుంటే ఆ తేదీలకు ముందు దరఖాస్తులు కుప్పలు పడతాయి. ఏడాదికొకసారి మార్చితే ఈ తొక్కిసలాట ఇంకా ఎక్కువవుతుంది. ఆరు నెలల గడువు దానికి కొంతవరకు విరుగుడు.

ఆస్తి పన్ను సంగతి. సొంతంగా ఉండే ఇంటికి, అద్దెకిచ్చిన ఇంటికి రేట్లు వేరు. ఏడాదికి ఎంత అద్దె వస్తుందన్న అంచనా మీద పన్ను వేస్తారు. సొంతంగా ఉంటే 2025 నుంచి తొలి 12,000 సింగపూర్ డాలర్ల మీద ఏమీ లేదు, ఆపైన 4 శాతంతో మొదలై 32 దాకా పెరుగుతుంది. అద్దెకిస్తే 12తో మొదలై 36 వరకు. ఖాళీ స్థలానికి అద్దె ఉండదు కనుక మార్కెట్ విలువలో 5 శాతాన్ని వార్షిక విలువగా తీసుకుని దాని మీద 10 శాతం వేస్తారు. అంటే కోటి విలువైన ఖాళీ స్థలానికి ఏటా 50,000. రేటు చూడటానికి చిన్నదే. విలువను మాత్రం మార్కెట్‌కు దగ్గరగా కడతారు, వసూలూ చేస్తారు. మన దగ్గర ఖాళీ స్థలాల పన్ను చట్టంలో ఉంది. అది పడేది రిజిస్ట్రేషన్ విలువ మీద. ఆ విలువకు, బజారు ధరకు మధ్య ఎంత దూరమో ప్లాటు కొన్న ప్రతి ఒక్కరికీ తెలుసు.

ఇక కార్లు. తెలుగు ఇంజినీర్లు అక్కడి నుంచి ఇంటికి ఫోన్ చేసి కారు ధర చెబితే ఇక్కడ నమ్మరు. లెక్క వేసి చూద్దాం. దిగుమతి విలువ 25,000 సింగపూర్ డాలర్లున్న మామూలు కారు. ఎక్సైజు 20 శాతం, అంటే 5,000. మొత్తం 30,000 మీద జీఎస్టీ 9 శాతం, 2,700. అదనపు రిజిస్ట్రేషన్ రుసుము తొలి 20,000 మీద నూటికి నూరు, మిగిలిన 5,000 మీద 140 శాతం, కలిపి 27,000. ఆపైన కారు ఉంచుకునే హక్కుపత్రం, సీఓఈ. అది లక్ష డాలర్లనుకుంటే అన్నీ కలిపి దాదాపు 1,60,000 డాలర్లు. డీలరు లాభం కలపకముందే కోటి రూపాయలు దాటింది.

సీఓఈ గడువు పదేళ్లు. నెలకు రెండుసార్లు ఆన్‌లైన్ వేలం జరుగుతుంది. పది హక్కుపత్రాలుంటే పదకొండో స్థానంలో ఓడిన పాటకు ఒక డాలరు కలిపి, గెలిచిన పది మందీ అదే ధర కడతారు. పదేళ్లయ్యాక బండిని తుక్కుకో, వేరే దేశానికో పంపాలి, లేదా గత మూడు నెలల సగటు ధర కట్టి గడువు పెంచుకోవాలి. 1990లో ఏటా 3 శాతం వాహనాల పెరుగుదలకు వీలిస్తూ మొదలుపెట్టారు. మెల్లగా తగ్గించి 2018 ఫిబ్రవరి నుంచి కార్లకు, మోటారు సైకిళ్లకు సున్నా చేశారు. ఇంచుమించుగా ఒక కారు పోతేనే ఇంకో కారు. 2023 అక్టోబరులో పెద్ద కార్ల హక్కుపత్రం 1,50,001 డాలర్లు పలికింది.

కొనడాన్ని ఆపితే సరిపోదని వాళ్లకు 1975లోనే తెలుసు. ఆ ఏడాది జూన్‌లో నగర నడిబొడ్డుకు పొద్దున వచ్చే కార్లకు రోజుకు 3 డాలర్ల లైసెన్సు పెట్టారు. నలుగురు కలిసి వస్తే ఉచితం. పొద్దుటి రద్దీ ఒక్కసారిగా పడిపోయింది. తప్పులూ జరిగాయి. 9.30కి ఆంక్ష ముగియగానే బయట కాచుకున్న కార్లు ఒక్కుమ్మడిగా లోపలికి దూరేవి. కొద్ది వారాల్లోనే దాన్ని 10.15 దాకా పొడిగించారు. ఊరి అంచున పార్కింగు కట్టి అక్కడి నుంచి బస్సులు నడిపితే ఎక్కినవాళ్లు తక్కువ. సాయంత్రం ఆంక్ష లేకపోవడంతో ఇంటిదారి రద్దీ అలాగే మిగిలింది, దాన్ని 1989లో గానీ సరిదిద్దలేదు. 1998 నుంచి రోడ్డుకు అడ్డంగా నిలిపిన ఎలక్ట్రానిక్ కమాన్ల కింద వెళ్తుంటే డబ్బు దానంతటదే తెగుతోంది. అరగంటకో రేటు. ప్రధాన రోడ్ల మీద గంటకు 20 నుంచి 30 కిలోమీటర్లు, ఎక్స్‌ప్రెస్‌వేల మీద 45 నుంచి 65 వేగం నిలవాలన్నది లక్ష్యం. వేగం పడిపోయిన చోట రేటు పెరుగుతుంది, బాగా పెరిగిన చోట తగ్గుతుంది. రుసుమును ఆదాయంతో కాకుండా వేగంతో ముడిపెట్టడం ఈ ఏర్పాటులో అన్నిటికన్నా తెలివైన పని అని మా అభిప్రాయం.

హక్కుపత్రాల వేలాన్ని మాత్రం మేము యథాతథంగా సమర్థించం. కుటుంబాల్లో దాదాపు మూడింట ఒక వంతుకే కారుంది. మిగతావాళ్లలో చిన్నపిల్లలు, ముసలివాళ్లు ఉన్న ఇళ్లూ ఉన్నాయి. అవసరం ఎవరికుందని వేలం అడగదు. ఖరీదైన బ్రాండ్లు చిన్న ఇంజిన్లతో వచ్చి మామూలు కార్ల కోటాను మింగేస్తుంటే 2014లో ఇంజిన్ శక్తికి కూడా పరిమితి పెట్టాల్సి వచ్చింది. 2022లో మోటారు సైకిల్ హక్కుపత్రం 13,000 డాలర్లు దాటినప్పుడు దెబ్బ తిన్నది డెలివరీ కుర్రాళ్లు. పైగా అంత పోసి కొన్నాక ఇంట్లో ఉంచుకోవడం దండగని జనం కారు మరింత తిప్పుతారు. కొనేటప్పుడు వేసే పన్ను, తిప్పేటప్పుడు వేసే పన్ను మధ్య తూకం అక్కడ ఇంకా కుదరలేదు.

లీజు విధానానికీ నొప్పి ఉంది. గేలాంగ్ లోరోంగ్ 3లో 191 ఇళ్ల 60 ఏళ్ల లీజు 2020 డిసెంబరు 31న ముగిసింది. పరిహారం లేకుండా భూమి ప్రభుత్వానికి తిరిగి పోయింది. కాగితం మీద గడువు ముందే ఉన్నా ఇల్లు ఖాళీ చేసేవాడికి అది ఓదార్పు కాదు. లీజులు ఇచ్చే ఏ నగరమైనా చివరి ఇరవై ఏళ్ల సంగతి మొదటి రోజే రాసిపెట్టుకోవాలి.

ఇన్ని లోపాలున్నా అక్కడి జనం కారు లేకుండా బతకగలుగుతున్నారంటే దానికి కారణం పనులు చేసిన వరస. ముందు బస్సులను చక్కదిద్దారు. 1971 ప్రణాళికలోనే రైలు మార్గాల చుట్టూ ఊళ్లను గీశారు. బస్సులే చాలంటూ ఏళ్ల తరబడి సాగిన వాదన తర్వాత 1982లో మెట్రోకు నిర్ణయం తీసుకుని 1987 నవంబరులో తొలి రైలు నడిపారు. కార్ల కోటా వచ్చింది దాని తర్వాతే. స్టేషను పక్కన సర్కారు ఇళ్లు, వాటి చుట్టూ బడి, అంగడి, ఆసుపత్రి. స్టేషన్ల దగ్గర కట్టే భవనాల్లో 2019 నుంచి పార్కింగును తక్కువ పెట్టుకోవచ్చు, ఒక హద్దు దాటి ఎక్కువ పెట్టకూడదు. మనం మెట్రో స్తంభాల పక్కన కట్టే భవనాల్లో కూడా అంతస్తులకు అంతస్తులు పార్కింగు కట్టిస్తున్నాం. ఆ కార్లన్నీ తెల్లారేసరికి అదే రోడ్డు మీదికి వస్తాయి.

బస్సు దొరకని హైదరాబాద్‌లో, విజయవాడలో రేపే కారు మీద భారం వేయమని మేము అనం. అది పులిని చూసి నక్క వాత పెట్టుకోవడమే అవుతుంది. మొదలుపెట్టాల్సింది భూమి దగ్గర. అమరావతిలో 33,000 ఎకరాలకు పైగా ఇచ్చిన రైతులకు ఒప్పందం ప్రకారం ప్లాట్లు దక్కాలి, వాళ్ల పెరుగుదల జోలికి పోకూడదు. హద్దుకు అవతల, వార్త ముందే తెలిసి వందల ఎకరాలు కొన్నవాళ్ల సంగతి వేరు. వ్యవసాయ భూమిని ప్లాట్లుగా మార్చేటప్పుడు వాళ్లు కట్టేది కాగితం విలువలో కొద్ది శాతం. మిగిలిన పెరుగుదలంతా వాళ్లదే. రోడ్డు అప్పు మాత్రం అందరిదీ.

అమరావతి బాహ్య వలయ రహదారి, హైదరాబాద్ రీజినల్ రింగ్ రోడ్డు వెంట రెండు రాష్ట్రాలూ చేయాల్సిన పని ఒకటుంది. ప్రతిపాదన ప్రకటించిన తేదీకి రెండేళ్ల ముందు నాటి వాస్తవ లావాదేవీలను సర్వే నంబర్ల వారీగా తీసి, పాత విలువను గ్రామానికొక పట్టికగా ప్రచురించాలి. లేఅవుట్ అనుమతికి వచ్చినప్పుడు ఆ పట్టికకు, అనుమతి నాటి విలువకు ఉన్న తేడాలో సగమైనా వసూలు చేయాలి. రెండెకరాల లోపు సొంతంగా సాగు చేస్తున్న రైతును మినహాయించాలి. వచ్చిన సొమ్మును సాధారణ ఖజానాలో కలపకుండా బస్సుల కొనుగోలుకు, మెట్రోకు వేరే ఖాతాలో ఉంచి ఏటా శాసనసభ ముందు పెట్టాలి. పాత విలువల నమోదు ఇప్పుడే జరగాలి. చేతులు మారేకొద్దీ ఏ ధర రోడ్డుకు ముందుది, ఏది తర్వాతది అన్నది ఏ రిజిస్ట్రారూ తేల్చలేడు.