అంతా కాపీ చేశాం సార్!

హార్డ్ డిస్క్ మార్చే మన రిపేరు షాపుల్లో గురుశిష్య పరంపరగా వస్తున్న శాస్త్రం ఒకటుంది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్. ఈ మూడు ఫోల్డర్లూ కాపీ అయితే మనిషి జీవితం మొత్తం కాపీ అయినట్టే. నాలుగో ఫోల్డర్ ఉందన్నవాడు నాస్తికుడు.

ఈ శాస్త్రానికి అచ్చంగా దొరికిన బలి, మెయిల్స్ కంప్యూటర్లోకి దించుకునే థండర్‌బర్డ్ అనే ప్రోగ్రామ్ వాడే పెద్దాయన. డెస్క్‌టాప్ మీద కవరును కౌగిలించుకున్న నీలిపక్షి కనబడుతుంది. దాన్ని నలగకుండా పెన్‌డ్రైవ్‌లో పెట్టి, కొత్త డిస్క్ మీద వాల్చి, "మెయిల్ కూడా వేసేశాం సార్" అంటారు. ఆ పక్షి బరువు మహా అయితే 2 కేబీ. అది షార్ట్‌కట్. సామానంతా పాతింట్లోనే వదిలేసి, గుమ్మం మీది డోర్ నంబరు రేకు ఊడబీకి తెచ్చి కొత్తింటికి మేకు కొట్టడమన్నమాట. ఇంకాస్త చదువుకున్నవాడైతే ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని థండర్‌బర్డ్ ఫోల్డర్ మొత్తం మోసుకొస్తాడు. నెట్‌లో ఊరికే దొరికే సరుకది, అందులో ఒక్క ఉత్తరమూ ఉండదు.

"పాత మెయిల్స్ ఏవి బాబూ?"

"సర్వర్‌లో ఉంటాయి సార్, అవే వస్తాయి."

మెయిల్స్‌ను సర్వర్‌లోనే ఉంచే ఐమ్యాప్ ఖాతా అయితే వస్తాయి, కాదనను. మెయిల్స్‌ను మన డిస్క్ మీదికి దించే పాప్ ఖాతా అయితే, దించుకున్న కొన్నాళ్లకు సర్వర్‌లోంచి తీసెయ్యమనే సెట్టింగు ఎప్పుడో తన పని తాను చేసి ఉంటుంది. 'లోకల్ ఫోల్డర్స్'లోకి జరిపినవి ఏ ఖాతావైనా సరే ఆ డిస్క్ మీద తప్ప ఇంకెక్కడా ఉండవు.

ఉత్తరాలుండేది యాప్‌డేటా, దాంట్లో రోమింగ్, దాంట్లో థండర్‌బర్డ్, దాంట్లో ప్రొఫైల్స్, దాంట్లో ఎనిమిది పిచ్చి అక్షరాలతో మొదలయ్యే ఫోల్డర్‌లో. దీన్నే ప్రొఫైల్ అంటారు. పైగా యాప్‌డేటా కంటికి కనబడదు. బియ్యం డబ్బా అడుగున గొలుసు దాచిన బామ్మ కూడా ఇంత జాగ్రత్తపడి ఉండదు. అయినా వెతకనక్కర్లేదు. హెల్ప్ మెనూలో 'ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్' నొక్కితే 'ప్రొఫైల్ ఫోల్డర్' పక్కనే 'ఓపెన్ ఫోల్డర్' బటన్ ఉంటుంది. అంతే!

సరే, ఎవరో చెబితే ఆ ఫోల్డర్ దొరికిందనుకుందాం. అసలు వేడుక ఇక్కడే మొదలు. దాని లోపలి మెయిల్ ఫోల్డర్లలో 'ఇన్‌బాక్స్' అని ఒక ఫైలు, దానికి తోక లేదు. పక్కనే 'ఇన్‌బాక్స్ డాట్ ఎమ్ఎస్ఎఫ్', దీనికి తోకుంది. మనవాడు తోక చూసి మురిసిపోయి దాన్ని భద్రంగా తీసుకుంటాడు. అది ఉత్త సూచిక, చెరిపేసినా థండర్‌బర్డ్ మళ్లీ రాసుకుంటుంది. ఉత్తరాలన్నీ ఉన్న తోకలేని ఫైలును మాత్రం అనుమానంగా చూస్తాడు. "ఎక్స్‌టెన్షన్ లేదు సార్, వైరస్ అయ్యుంటుంది." అదృష్టం బాగుండి కాపీకి పెట్టినా, ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ 4 జీబీ దాటిన ఫైలును పట్టదు. మనం మెయిల్ డిలీట్ చేసినా ఫోల్డర్‌ని కంపాక్ట్ చేసేదాకా, అంటే చెరిపినవాటి చోటు ఖాళీ చేయించేదాకా, ఆ ఫైలు సన్నబడదు, అందుకే అంత లావు. తెర మీద 'ఫైలు మరీ పెద్దది' అని వస్తుంది. మనవాడు 'స్కిప్' నొక్కుతాడు. ఇరవై ఏళ్ల ఇన్‌బాక్స్‌ను స్కిప్ చేసి టీకి వెళతాడు.

చేయాల్సిందల్లా ఇంతే. థండర్‌బర్డ్‌ని పూర్తిగా మూసెయ్యాలి. పెద్ద ఫైళ్లను పట్టే ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతి డిస్క్ మీదికి ఆ ఎనిమిదక్షరాల ఫోల్డర్ మొత్తం కాపీ చెయ్యాలి. ఏరుకుంటే కుదరదు, తాళంచెవి లాంటి కీ4 డాట్ డీబీ ఫైలు లేకుండా, పాస్‌వర్డులుండే లాగిన్స్ డాట్ జేసన్ ఫైలు ఒక్కటే తెస్తే పాస్‌వర్డులు తెరుచుకోవు. కొత్త డిస్క్‌లో థండర్‌బర్డ్ పాతదానికంటే వెనకటి వెర్షన్ కాకూడదు, అయితే మీ ప్రొఫైల్‌ని గుమ్మం బయటే నిలబెడుతుంది. తర్వాత విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కితే వచ్చే రన్ బాక్సులో థండర్‌బర్డ్ డాట్ ఈఎక్స్ఈ అని కొట్టి, ఖాళీ వదిలి, అడ్డగీత, పీ. క్రియేట్ ప్రొఫైల్, చూజ్ ఫోల్డర్, కాపీ చేసింది చూపించడం. తర్వాత ఆ ప్రొఫైల్ తీసేయాలనిపిస్తే మాత్రం 'డిలీట్ ఫైల్స్' జోలికి పోవద్దు, ఆ ఫోల్డర్‌లో ఉన్నదంతా ఊడ్చుకుపోతుంది.

ఇదంతా తెలియకపోవడం నేరం కాదు. తెలియనివాడు అడగొచ్చు, ఆగొచ్చు. కానీ కొత్త డిస్క్‌లో పాత ఉత్తరం ఒక్కటైనా తెరిచి చూడకముందే పాత డిస్క్‌ని ఫార్మాట్ కొడతారే, ఆ చేతికి ఏం పుట్టింది? ఎవరు కొట్టమన్నారు? పక్కన పెడితే అది తిండి అడుగుతుందా? డల్లాస్ చేరిన రోజు కొడుకు రాసిన మొదటి మెయిలు, పొలం తగాదాలో లాయరు పంపిన కాగితాలు, పోయిన మనిషి పేరుతో ఉన్న నాలుగు వాక్యాలు... "క్లీన్‌గా ఉంటుందని కొట్టేశాం సార్" అట! క్లీన్‌గానే ఉంది నాయనా, కడిగిన పళ్లెంలా ఉంది.

పోనీ, రికవరీకి ఇద్దామని పెద్దాయన ఆ పాత డిస్క్ అడిగాడు.

"అది వేరే కస్టమర్‌కి వేసేశాం సార్."

బిల్లులో మొదటి లైను: డేటా బ్యాకప్.