బ్యాంకు ఇచ్చే కమీషన్ చాలదా?

ఇప్పుడే ఫోన్ పెట్టేశాను. ఒళ్లు మండిపోతోంది. "అన్నా, శాంక్షన్ అయిపోయింది, ఆ అర శాతం చూసుకుంటే లెటర్ రేపే మీ చేతిలో పెడతా" అంటాడు హోమ్ లోన్ ఏజెంటు. 60 లక్షలకి అర శాతమంటే 30 వేలు. అదీ క్యాష్‌గానే కావాలట. రసీదు అడిగితే "మనలో మనకి రసీదులేంటన్నా" అట!

మొదటి రోజు ఇదే మనిషి ఏమన్నాడు? "మీరు రూపాయి ఇవ్వక్కర్లేదన్నా, బ్యాంకే మాకిస్తుంది" అన్నాడు. నిజమే, ఇస్తుంది. మనం తీసుకున్న లోన్ మొత్తం మీద శాతం లెక్కన బ్యాంకు వీళ్లకి కమీషన్ కడుతుంది. మరి నా దగ్గర దేనికి? 2024 అక్టోబర్ 1 నుంచి లోన్ ఇచ్చేవాళ్లు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇచ్చి తీరాలని రిజర్వ్ బ్యాంకు రూలు పెట్టింది. వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు, లీగల్ ఖర్చు, ఇన్సూరెన్సు అన్నీ అందులో రాయాలి, అదీ మనకు అర్థమయ్యే భాషలో. ఈ 30 వేలు అందులో ఏ గడిలో ఉంటాయో చూపించమనండి.

డబ్బు సంగతి అలా ఉంచండి. నన్ను ఎక్కువ కాల్చింది సిబిల్ రిపోర్టు, అంటే మన అప్పుల చరిత్ర, స్కోరు ఉండే రిపోర్టు. నేను ఒక్క బ్యాంకు పేరు చెప్పి ఫైలిచ్చాను. రిపోర్టు తీసి చూస్తే నేనెప్పుడూ పేరు కూడా వినని ఫైనాన్స్ కంపెనీల ఎంక్వైరీలు వరసగా ఉన్నాయి. అప్పు కోసం ఎవరు మన రిపోర్టు తీసినా అది నమోదవుతుంది, తక్కువ రోజుల్లో ఎక్కువ పడితే స్కోరు తగ్గుతుంది. స్కోరు తగ్గితే వడ్డీ పెరుగుతుంది. ఎక్కడ కమీషన్ ఎక్కువ వస్తుందో చూసుకోడానికి నా పాన్, నా పేస్లిప్పులు ఊరంతా పంచుతాడా?

మా బెంగళూరులో బి ఖాతా ఇళ్ల (అంటే అనుమతులూ కాగితాలూ పూర్తిగా సరిగ్గా లేని ఇళ్ల) విషయంలో ఇంకా ఘోరం. చాలా బ్యాంకులు బి ఖాతా ఆస్తి మీద లోన్ ఇవ్వవు. ఆ మాట ముందే చెప్తే కొనేవాడు ఆలోచించుకుంటాడు. చెప్పరు. "నేను చేయిస్తా కదన్నా" అని అడ్వాన్సు కట్టేదాకా ఊరించి, చివర్లో ఎక్కువ వడ్డీకిచ్చే కంపెనీ దగ్గర కూర్చోబెడతారు. వేరే ఊరి నుంచి వచ్చి, కన్నడ చదవడం రాక, ఖాతా కాగితాల్లో ఏముందో తెలియక మనవాడని నమ్మే తెలుగువాళ్లే వీళ్లకి దొరికేది. కేఆర్ పురం, మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ అంతా ఇదే కథ. బ్రాంచికి నేరుగా వెళ్దామంటే అక్కడి ఆఫీసరు కూడా "మా ఏజెంటు మీకు కాల్ చేస్తాడు" అనే పంపించాడు.

మా అక్కావాళ్లు లోన్ తీసుకున్నప్పుడు చేసింది నేనింకా మర్చిపోలేదు. "ఇన్సూరెన్సు లేకపోతే లోన్ రాదు" అని బావతో సంతకం పెట్టించారు. అలాంటి రూలే లేదు! ప్రీమియం మొత్తం ఒకేసారి లోన్‌లో కలిపేశారు. అంటే ఆ ప్రీమియం మీద కూడా 20 ఏళ్లు వడ్డీ. జీతమంతా ఈఎంఐకి పోతోందని అక్క పిల్లాడి స్కూలు మార్చింది. ఆ పాలసీని వద్దని వెనక్కి ఇవ్వొచ్చని ఒక్కడూ చెప్పలేదు, కమీషన్ పోతుంది కాబట్టి.

ఇప్పుడైతే పాలసీ చేతికందిన 30 రోజుల్లోపు వద్దనుకుంటే వెనక్కి ఇచ్చేయొచ్చు. మీ ఇంట్లో ఈ మధ్యే హోమ్ లోన్ తీసుకున్నవాళ్లుంటే ఈ రాత్రే లోన్ కాగితాల్లో ఇన్సూరెన్సు అనే మాట ఉందేమో వెతికి, పాలసీ ఏ రోజు వచ్చిందో చూడమనండి.