టకటక వినగానే చైన్ లాగమన్న మహానుభావుడికి

వారంలో ఈ వాట్సాప్ మెసేజ్ రావడం ఇది నాలుగోసారి. మొదట బడి దోస్తుల గ్రూపు, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపు, మొన్న మా మేనమామ, ఇయ్యాల పొద్దున కాజీపేటలోనే ఇల్లున్న దోస్తు. "రైల్లో పోయేటోళ్లు తప్పక చదవండి" అని మొదలై "పది మందికి పంపండి" అని ముగుస్తుంది. సారాంశం: చక్రాలన్నీ చైనావి, పాతవే చెక్కి వాడుతున్నారు, చూసే నాథుడు లేడు, ఫోన్ నేల మీద పెడితే యాప్ చక్రం జాతకం చెప్తుంది, కింద టకటక వినిపిస్తే చక్రం పగిలినట్టే, చైన్ లాగండి.

చైనా ముచ్చట: కొన్ని బయటి దేశాల నుంచి వచ్చిన మాట నిజం. యలహంకలో, దుర్గాపూర్‌లో మనమూ చేసుకుంటాం. అయిపోయింది. ఇక చెక్కడమే మరమ్మతు. ఎల్‌హెచ్‌బీ అంటే జర్మన్ డిజైను కొత్తరకం బోగీ. కొత్తగా 915 మిల్లీమీటర్ల అడ్డకొలత ఉన్న దాని చక్రాన్ని అరిగినప్పుడల్లా లేత్ అనే చెక్కే యంత్రం మీద పెట్టి ఆకారానికి తెస్తారు, 845కు దిగితే తీసేస్తారు. కొడవలికి సాన పట్టిస్తే మోసమంటామా? చూసే నాథుడు లేడన్నాయన ఒక్కసారి కాజీపేట ప్లాట్‌ఫారం చివర నిలబడాలి. బండి లోపలికి వస్తుంటే రైల్వే మనుషులు వంగి ముఖాలు చూడరు, చక్రాలు చూస్తారు.

ఇక చైన్. దీనికే నాకు ఒళ్లు మండింది.

బ్రేకు పట్టేసి చక్రం తిరగకుండా పట్టా మీద జారితే ఒకచోట చదునుగా అరుగుతుంది. ఆ చదును మీద పడ్డప్పుడల్లా దెబ్బ. 915 చక్రం చుట్టుకొలత దాదాపు 2.9 మీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో సెకనుకు పది దెబ్బల దాకా పడతాయి. అది టకటక కాదు, డబడబడబ. వేగం తగ్గితే దెబ్బలూ తగ్గుతాయి, అంతేగాని ఆగవు. స్టేషన్ దగ్గర నాలుగుసార్లు టకటకమని ఆగిపోతే అది బండి పట్టాలు మారడం. కాజీపేటలోకి వచ్చే ప్రతి బండీ ఆ చప్పుడు చేస్తుంది. ప్రతివాడూ చైన్ లాగితే సిర్పూర్ కాగజ్‌నగర్‌కు సంక్రాంతికి చేరతాం.

పైగా వాన తడి పట్టాల మీద గట్టి బ్రేకు పడితే చక్రం జారి కొత్త చదును పుట్టొచ్చు. ఎల్‌హెచ్‌బీలో జారకుండా ఆపే ఏర్పాటు ఉంది, పాత బోగీల్లో లేదు. అంటే లేని జబ్బుకు మందేసి ఆ జబ్బే తెప్పించడం. రామగుండం దాటాక గోదావరి వంతెన మీద బండి ఆగిందనుకోండి, మనోళ్లు ఏం జరిగిందో చూద్దామని పక్క లైన్లోకి దిగుతారు. అటు నుంచి వచ్చే బండికి ఈ మెసేజ్ అందలేదు కదా! సరైన కారణం లేకుండా లాగితే 1989 రైల్వే చట్టం 141వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఫార్వర్డ్ చేసినోడికి మాత్రం ఏమీ లేదు.

మిగిలింది ఫోన్. దీన్నీ ఎగతాళి చేద్దామనే కూర్చున్నా, కానీ మనసొప్పలేదు. చదును దెబ్బ నేలదాకా రాకముందే రెండంతస్తుల స్ప్రింగులు చాలావరకు మింగేస్తాయి. దాన్ని పసిగట్టాలంటే ఇరుసు చివరి బేరింగు డబ్బా మీదనో, పట్టాకో సెన్సారు ఉండాలి. కానీ చక్రం పట్టా మీద ఆనే భాగం వాలుగా ఉంటుంది కాబట్టి ఇరుసు పాములా అటూ ఇటూ ఊగుతూ పోతుంది. దాని లెక్క క్లింగెల్ అనే జర్మన్ ఇంజనీరు 1883లోనే కట్టాడు. 20కి 1 వాలుంటే మన బ్రాడ్‌గేజ్‌లో ఒంటరి ఇరుసుకు ఒక అల, అంటే అటూ ఇటూ ఊగి మళ్లీ మొదటికొచ్చే దూరం, సుమారు 18 మీటర్లు. అరిగి వాలు నాలుగింతలైతే అల సగమవుతుంది. ఈ నెమ్మది ఊపు స్ప్రింగులు దాటి పైకి వస్తుంది. బోగీ నమూనాను కంప్యూటర్లో కట్టి, ఊగాల్సిన తీరుకూ ఊగిన తీరుకూ తేడా చూసి అరుగుదల అంచనా వేసే పద్ధతి ఒకటి ఈ ఊపు మీదే నడుస్తుంది. అన్ని బళ్లూ ఒకేచోట ఊగితే తప్పు పట్టాది, ఒకే బోగీ అంతటా ఊగితే అనుమానం చక్రం మీద. యాప్‌కు ఈ తేడా తెలియదు.

పోయిన దసరాకు మంచిర్యాల పోతూ నేనూ ఫోన్ నేల మీద పెట్టా. వేగం అందుకోగానే యాప్‌లో గీత సెకనుకు మూడుసార్లు అటూ ఇటూ, నెమ్మదించగానే చప్పున చల్లారింది. జమ్మికుంట దాటాకా అదే, పెద్దపల్లి దాటాకా అదే. కోచ్ నంబరు రాసుకుని రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేశా.

"చక్రం సంగతి మీకెలా తెలిసింది సార్?" అన్నదావిడ. ఏం చెప్పను, మా మేనమామ మెసేజ్‌లో ఉన్నట్టే చేశాననా?