జంప్‌సీటు హక్కెలా అవుతుంది?
జంప్‌సీటంటే కాక్‌పిట్‌లో పైలట్ల వెనక ఉండే అదనపు సీటు; డ్యూటీలో లేని పైలట్లు అందులో ప్రయాణిస్తుంటారు. అది పైలట్ల హక్కని, ఇవ్వనన్న కెప్టెన్‌ది అహంకారమని వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. అమెరికాలో ఒకరి పైలట్లను మరొకరు ఎక్కించుకునేలా ఎయిర్‌లైన్ల మధ్య ఒప్పందం ఉన్నా, గేటు దగ్గర పైలట్ గుర్తింపు, ఉద్యోగం సరిచూసే ‘కాస్’ కంప్యూటర్‌లో వివరాలు సరిపోయినా, చివరి మాట కెప్టెన్‌దే. మా అక్క కొడుకు అక్కడ ఓ చిన్న ఎయిర్‌లైన్‌లో ఫస్ట్ ఆఫీసర్. డ్యూటీకి వేరే ఊరు చేరాలంటే చాలాసార్లు ఈ సీటే దిక్కు. వెనక క్యాబిన్‌లో ఖాళీ దొరికినా సరే, ముందు కెప్టెన్‌ని పలకరించి, అడిగాకే కూర్చుంటాడు. అడగకుండా కూర్చుని చీవాట్లు తిన్నవాళ్లూ ఉన్నారట! 1980ల్లో కాంటినెంటల్, యునైటెడ్ ఎయిర్‌లైన్లలో పైలట్ల సమ్మెలప్పుడు, సమ్మెను కాదని పనిలోకి వెళ్లినవాళ్లకు ఆ తర్వాత ఏళ్ల తరబడి ఈ సీటు ఇవ్వని కెప్టెన్లున్నారు. అది మాత్రం పగే, కాదనను. కానీ 1994లో ఫెడెక్స్ 705 అనే సరుకు విమానంలో జంప్‌సీటు ప్రయాణికుడిగా ఎక్కిన ఆ కంపెనీ సొంత ఉద్యోగే సిబ్బంది తలలు సుత్తితో పగలగొట్టాడు. 2023 అక్టోబరులో అమెరికాలోని ఎవరెట్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న విమానంలో జంప్‌సీట్లో ఉన్న పైలట్ ఇంజన్లు ఆపేయబోయాడు. ఇవన్నీ తెలిసిన కెప్టెన్, వచ్చిన మనిషి తీరు తేడాగా అనిపిస్తే వద్దనడంలో అహంకారం ఎక్కడుంది?