ఉప్పాడ ఇసుకలో దొరికే బంగారం ఎవరిది?

తుఫాను తీరం దాటిన మర్నాడు టీవీలో ఈ వార్త చాలాసార్లే చూశాను. ఉప్పాడ ఒడ్డున జనం ఇసుక జల్లిస్తున్నారు, బంగారం రేణువులు దొరుకుతున్నాయట. యాంకరమ్మ నవ్వుతూ చదువుతుంది. కింద కామెంట్లలో "పదండ్రా, కాకినాడ బండెక్కుదాం" అని జోకులు. ఆ బంగారం ఎక్కడిదంటే ఊళ్లోవాళ్లు చెప్పేది ఒకటే మాట: సముద్రంలో కలిసిపోయిన ఇళ్లదీ, గుళ్లదీ అని. మునిగిన కొంపల్లోని పుస్తెలూ ముక్కుపుడకలూ ఏరుకోవడం మనకి వింత వార్త అయింది.

ఇంతకంటే ఒళ్లు మండే సంగతి ఇంకోటుంది. ఏం జరిగినా "అంతా క్లైమేట్ చేంజ్ అండీ" అనేసి చేతులు దులుపుకోవడం. అది అబద్ధమని నేననట్లేదు. సముద్రమట్టం పెరుగుతోంది, బంగాళాఖాతం వేడెక్కుతోంది, ఆ వేడే తుఫానుకి మేత. 2015 మే వడగాడ్పులకి దేశంలో పోయిన 2,000కు పైగా ప్రాణాల్లో ఎక్కువ మన రెండు రాష్ట్రాలవే. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచింది. వాన కుండపోతగా పడిన మాట నిజమే. మరి వాగు దారిలో కట్టిన కట్టడాల మాటెత్తితే ఒక్కరూ పలకరేం?

ఉప్పాడదీ ఇదే కథ. ఆ తీరానికి ఇసుక పోసి పెంచింది గోదావరి. ఇప్పుడు ఆ ఒండ్రు ఎగువనున్న జైక్వాడి, శ్రీరామసాగర్ లాంటి జలాశయాల్లోనే చాలా మటుకు దిగబడిపోతోంది. వచ్చిన కాస్త ఇసుకా తీరం వెంబడి ఉత్తరానికి జరగాలి. కానీ కాకినాడ ముందు సముద్రంలో ఉన్న హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ, కాకినాడ రేవు గోడలు మధ్యలో అడ్డం. ఆ దిబ్బ చాటున కాకినాడ చల్లగా ఉంది. దానికి ఉత్తరాన బయటపడి ఉన్న ఉప్పాడకి ఇసుక అందదు, కెరటం మాత్రం నేరుగా తగులుతుంది. అసలే కూడు లేక నీరసించిన ఒడ్డు మీదకి ఇప్పుడు పెరిగిన సముద్రం వచ్చి పడుతోంది.

మన వైద్యం ఏమిటయ్యా అంటే రాళ్లు. ఒకసారి జియోట్యూబుల గోడ కూడా కట్టారు, అంటే ఇసుక నింపిన పెద్ద పెద్ద గుడ్డ గొట్టాలు, అదీ చిరిగిపోయింది. తుఫాను వస్తుంది, కాకినాడ బీచ్ రోడ్డు తెగుతుంది, మళ్లీ లారీల్లో రాళ్లు దిగుతాయి. రాయి వేసిన చోట కోత ఆగినా పక్క పేటని పట్టుకుంటుంది. కాంట్రాక్టరుకి మాత్రం ఏ ఏడూ లోటు లేదు.

పరిహారం సంగతి మరీ విడ్డూరం. కేంద్రం గుర్తించిన విపత్తుల జాబితాలో తుఫాను ఉంది, వరద ఉంది, పంటని తినే చీడ కూడా ఉంది. ఏళ్ల తరబడి సాగే తీరం కోతకి మాత్రం అందులో చోటు లేదు. తుఫానుకి ఇల్లు కూలితే లెక్కలోకొస్తుంది. ఇంటి కింద నేలే పోతే ఏ కాగితం మీద రాయాలి?

చేపలవాళ్లకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఎలాగూ వేట నిషేధం, దానికి భృతి ఉంది. అల్పపీడనం హెచ్చరికలకి బోటు ఒడ్డునే కట్టేసుకున్న రోజుల కూలి ఎవరిస్తారు? ఇక ఉప్పాడ మగ్గాల మీద నేసే జాందానీ చీర. 2009లో దానికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చిందని అందరం మురిసిపోయాం. గుంటమగ్గం గుంటలోకి నీళ్లొస్తే నేతగాడు కాళ్లెక్కడ పెట్టాలి? చీర దిగితేనే కూలి. పెళ్లికి పదివేలు తగ్గించమని బేరమాడే మనకి ఈ గోల పట్టదు. నేనూ ఆడాను బేరం, ఒప్పుకుంటున్నాను.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు మా దూరపు చుట్టం, పెద్దమ్మ వరస, నన్ను రాళ్లగట్టు మీద నిలబెట్టి నీళ్లలోకి చూపించింది. "అదుగో, ఆటు వచ్చింది కదా, కనిపిస్తుంది చూడు. మా నూతి ఒరలు."

"ఇల్లెక్కడ పెద్దమ్మా?" అన్నాను.

"నుయ్యి పెరట్లో ఉండేదిరా. ఇల్లు ఇంకా లోపలికి."