ఆ ముడి డిఫెక్ట్ కాదండీ

ఈమధ్య విజయవాడలో ఎవరి గృహప్రవేశానికి వెళ్లినా ఒకే ఇంట్లోకి మళ్లీ మళ్లీ వెళ్తున్నట్టు ఉంటోంది. అదే ఫాల్స్ సీలింగ్, అదే టీవీ యూనిట్, నిగనిగలాడే అవే కప్‌బోర్డులు. పోరంకి అయినా, గుంటూరు బ్రాడీపేట అయినా తేడా లేదు. వాళ్ల డబ్బు, వాళ్ల ఇష్టం, దానికి నేనేమీ అనను. చేత్తో చేసిన వస్తువు కొని, అది కూడా మెషిన్ సరుకులా ఉండాలంటేనే నాకు ఒళ్లు మండుతుంది.

తెలిసినావిడ ఒకరు మొన్న కర్టెన్ల కోసం మంగళగిరి కాటన్ తీసుకుని, చిన్న ముడి కనపడిందని బట్ట మొత్తం తిప్పి పంపేశారు. గుంట మగ్గం మీద పోగు తెగితే నేత ఆపాలి, తెగిన కొసలు వెతికి పట్టుకోవాలి, వేళ్లతో ముడేసి మళ్లీ మొదలుపెట్టాలి. ఆ బట్ట కిటికీకి కట్టి, పొద్దున ఎండ పడేటప్పుడు చూడండి. నేత ఒకచోట కాస్త ఒత్తుగా, ఒకచోట పల్చగా కనపడుతుంది, వెలుగు కూడా అలాగే హెచ్చుతగ్గులుగా గదిలోకి వస్తుంది. పవర్‌లూమ్ బట్టలో ఆ అందం రాదు. చేనేత ధర పెట్టి, చేనేత గుర్తు వద్దంటే ఎలా?

మా హాల్లో కొండపల్లి దశావతారాల సెట్టు ఉంది. తెల్ల పొణికి కర్రతో చెక్కి, చేతులు విడిగా చేసి, రంపపు పొట్టులో చింతగింజల పిండి కలిపిన మక్కుతో అతుకుతారు. మా వామనుడి భుజం తడిమితే ఆ అతుకు వేలికి తగులుతుంది. ఒక కన్ను రెండోదానికన్నా పెద్దది. "ఫినిషింగ్ లేదేంటమ్మా" అన్నారు బంధువొకాయన. కుంచెతో మనిషి దిద్దిన కళ్లు బాబాయ్, అందుకే వామనుడికి ఆ కొంటె చూపు వచ్చింది అన్నాను.

జపాన్‌లో పగిలిన గిన్నెను లక్కతో అతికి, ఆ గీత మీద బంగారు పొడి అద్దుతారు. అవి ఫోన్‌లో చూసి మురిసిపోయేవాళ్లే, అమ్మమ్మ చిల్లికి మాటు వేయించుకుని వాడిన ఇత్తడి బిందెను పాత సామాన్లవాడికి వేసేస్తున్నారు. ఆ మాటు కనపడేలా గుమ్మం పక్కన పెట్టి నాలుగు పూలు వేస్తే ఎంత బాగుంటుందో!

అలాగని గోడకి చెమ్మ ఎక్కినా, టైల్స్ ఎగుడుదిగుడుగా వేసినా అదే అందమని సర్దుకోమనడం లేదు. అది నిర్లక్ష్యం, బిల్డర్‌ని నిలదీయాల్సిందే. కర్టెన్ రంగు వెలిసినా, నేత పిగిలినా షాపులో గట్టిగా అడగండి. ముడి ఉందని మాత్రం వాపసు చేయకండి. కూలికి నేసేవాళ్లకి చాలాచోట్ల లోపం పేరు చెప్పి కోత పెడతారు.